మూడో గేరులో మూలుగు

స్కూలు గది, సోమవారం

అన్నయ్యా,

నీ ఆఫీసు నంబరుకు ఎప్పుడు చేసినా, నువ్వు ఎత్తేలోపే ఒకావిడ "ఈ సంభాషణ రికార్డు అవుతోంది" అని హెచ్చరిస్తోంది. ఇంటికి చేస్తే వదిన ఎత్తుతుంది. వదినా నేనూ మాట్లాడుకున్నాక నీ వంతుకు "సరే, ఉంటాను" అనేదొక్కటే మిగులుతుంది. పైగా బంధువులకు వారంటీ సలహాలివ్వకూడదని మీ ఆఫీసులో రూలుందని నువ్వే అన్నావు. ఆ రూలు ఇంకా పోస్టుదాకా వచ్చి ఉండదని నా ఆశ. అందుకే ఈ ఉత్తరం.

సంగతి స్కూలు కారు గురించి. కంపెనీ వారంటీ ఇంకో మూడు నెలల్లో అయిపోతుంది. నిన్న షోరూం కుర్రాడు వచ్చాడు. నా దగ్గరే డ్రైవింగ్ నేర్చుకున్నాడు. విద్యార్థులకు వాళ్లు చేసే తప్పును బట్టి పేరు పెట్టడం నా అలవాటు కదా, వీడి పేరు రివర్స్. ఇప్పటికీ కారును వెనక్కి తీయాల్సొస్తే దిగి, ఎవరైనా దొరుకుతారేమోనని చూస్తాడు.

"పొడిగించిన వారంటీ, సర్వీసు ప్లాను రెండూ కలిపి తీసుకోండక్కా. ఇంకో మూడేళ్లు నిశ్చింత," అన్నాడు.

"ఎవరికి?"

"మీకే అక్కా."

"మరి చెమటలు నీకెందుకు పడుతున్నాయ్?"

"టార్గెట్ అక్కా."

నిజాయితీపరుడే. కాఫీ ఇచ్చి పంపాను.

నాకున్నది ఒక్క కారు. అది నెల రోజులు మూలపడితే స్కూలు కూడా మూలపడినట్టే. ఎదురు స్కూలువాడికి మూడు కార్లున్నాయి, చేరినవాళ్లకు టోపీ ఊరికే ఇస్తాడు. నా విద్యార్థులు రోడ్డు దాటితే చాలు. చూసి దాటడం వాళ్లకు నేర్పింది కూడా నేనే. అయినా ప్లాను ధర వింటే ఈ గది నాలుగు నెలల అద్దె గుర్తొచ్చింది.

పదిహేనేళ్లుగా జనానికి 'కుదరదు' అని చెప్పి జీతం తీసుకుంటున్నావు. కొనాలో వద్దో నాకు ఊరికే చెప్పు.

నీ చెల్లెలు


ఆఫీసు క్యాంటీన్, గోడవైపు బల్ల

చెల్లీ,

రూలు పోస్టుకూ వర్తిస్తుంది. చదివి లోపల పెట్టుకో.

వద్దు. ఇక కారణాలు విను.

పొడిగించిన వారంటీ అంటే, చెడిపోయే అవకాశం తక్కువున్న వాటికి రక్షణ. ఇంజను ఉంటుంది, గేరుబాక్సు ఉంటుంది. క్లచ్ ప్లేటు ఉండదు, బ్రేకు ప్యాడ్లు ఉండవు, టైర్లు, వైపర్లు, బల్బులు ఉండవు. వాటిని 'అరిగే భాగాలు' అంటాం. నీ కారులో అరగనిది పైనున్న బోర్డు ఒక్కటే.

సర్వీసు ప్లాను అంటే రాబోయే సర్వీసులకు ఇప్పుడే డబ్బు కట్టడం. ఆదివారాలు మాత్రమే కారు తీసేవాళ్లకు లాభం. నువ్వు తిరిగే తిరుగుడుకు వాళ్లిచ్చే సర్వీసులు ఏడాదిన్నరలో అయిపోతాయి. మిగతా ఏడాదిన్నర నీకు నిశ్చింత మాత్రం ఉంటుంది.

కంపెనీ వారంటీ అయినా, పొడిగించినదైనా, క్లెయిములు చివరికి మా అంతస్తుకే చేరతాయి. ఇక్కడ మేం వాడే వాక్యం ఒకటుంది. 'వాహనాన్ని దాని ఉద్దేశిత వినియోగానికి భిన్నంగా వాడినందున మీ క్లెయిమును అంగీకరించలేకపోతున్నందుకు చింతిస్తున్నాము.' అది రాసింది నేనే. అంతకుముందు ఉన్న వాక్యంలో చింత ఉండేది కాదు. మేనేజరు చదివి, కుర్చీలోంచి లేచి మరీ నా భుజం తట్టాడు. జీతం మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

ఇంకా అనుమానముంటే నీ రివర్స్‌ను అడుగు. కారు డ్రైవింగ్ స్కూలుదని ఫారంలో రాస్తారా అని. నీ సీటు కిందున్న అదనపు క్లచ్, బ్రేకు పెడళ్లను ఒప్పుకుంటారా అని. నోటితో కాదు, కాగితం మీద చెప్పించు. వాడి మొహం చూస్తే నా ఉత్తరం అక్కర్లేదు.

అన్నయ్య


స్కూలు గది, శుక్రవారం

అన్నయ్యా,

అడిగాను. రివర్స్ ఫారం బయటికి తీశాడు.

"స్కూలని ఎందుకక్కా రాయడం. సొంత వాడకం అని రాసేద్దాం."

మేం మాట్లాడుకుంటున్నది కారులోనే. పైన మూరెడు బోర్డు. అటు పెడళ్లు, ఇటు పెడళ్లు. వెనక అద్దం మీద 'నేర్చుకుంటున్నారు, దూరంగా ఉండండి' అని ఎర్రటి అక్షరాలు.

"సొంత వాడకానికి రెండు బ్రేకులెందుకురా?"

"మీరు బాగా జాగ్రత్త మనిషని అనుకుంటారు."

"నువ్వు కాగితం మీద రాసిస్తావా?"

"నేనున్నాగా అక్కా. నేను చూసుకుంటా."

వీడిని వెనక్కి చూసుకోమని ఆరు వారాలు మొత్తుకున్నదాన్ని నేను. వాడేం చూసుకుంటాడో నాకు తెలియదా.

నీ మాటే నిజమైంది, సంతోషించు. అయినా కొంటే బాగుండుననే ఉంది. ఎందుకో చెబితే తిడతావని మొదటి ఉత్తరంలో రాయలేదు. గేరుబాక్సు మూలుగుతోంది. మూడో గేరులోనే. నెల పైనే అయింది. వర్క్‌షాపులో రెండుసార్లు చెప్పాను. "ఈ మోడల్‌కు అది సాధారణం మేడం. వచ్చే సర్వీసులో చూద్దాం," అన్నారు.

గేరుబాక్సు మార్చాలంటే ఎంతవుతుందో కనుక్కున్నాను. అంత కట్టడం కంటే స్కూలు మూసుకోవడమే చవక. అందుకని ప్లాను తీసుకుని, రెండు నెలలు ఆగి, అప్పుడే మొదలైనట్టు చెబితే ఎలా ఉంటుంది?

నీ చెల్లెలు


ఆఫీసు క్యాంటీన్

చెల్లీ,

చాలా బాగుంటుంది. అలా చెప్పేవాళ్లు రోజుకు పదిమంది వస్తారు. అందరికీ రెండు నెలల తర్వాతే మొదలవుతుంది. వాళ్ల కోసం మా దగ్గర వేరే వాక్యం ఉంది. అందులో చింత కూడా ఉండదు.

నాకు కోపం వచ్చింది ఆ ఎత్తుకు కాదు. వచ్చే సర్వీసు ఎప్పుడు? వారంటీ అయిపోయిన రెండో వారం. అవునా? కారు కొన్ననాటి వారంటీ ఇంకా బతికే ఉంది. గేరుబాక్సు అందులో ఉంది. దానికి నువ్వు ఎప్పుడో డబ్బు కట్టేశావు. చేతిలో ఉన్నదాన్ని వదిలేసి, దాన్ని పొడిగించుకోవాలా వద్దా అని నన్ను సలహా అడుగుతున్నావు. వర్క్‌షాపువాళ్లు నీ చెవిలో పువ్వు పెడితే, అది నిటారుగా ఉందో లేదో చూడమని నా దగ్గరికి వచ్చావు.

ఈ వారంలోనే వెళ్లు. సాధారణం అంటే సరేనను. అదే ముక్క జాబ్‌కార్డులో రాసి సంతకం పెట్టమను. నోటితో సాధారణం అన్నవాడు చేత్తో రాయడు. వాడు పక్కనుండగా ఆ మూలుగు వినిపించు. సొంత వాడకం అని ఎక్కడా చెప్పకు. రివర్స్ వస్తే కాఫీ కూడా ఇవ్వకు.

అన్నయ్య


వర్క్‌షాపు వెయిటింగ్ హాలు

అన్నయ్యా,

ఇక్కడ మెత్తటి సోఫాలున్నాయి, నిరుటి పత్రికలున్నాయి. గోడ మీద 'మీ నమ్మకమే మా ఇంధనం' అని రాసుంది. మైలేజీ బాగానే వస్తున్నట్టుంది.

మొదట సర్వీసు అడ్వైజరు తానే నడిపాడు. రెండు చక్కర్లు కొట్టాడు. గేరుబాక్సు ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు క్లాసులా చప్పుడు చెయ్యలేదు.

"చూశారా మేడం, వెన్నలా ఉంది."

"మీరు నడిపితే అలాగే ఉంటుంది. మీలా నడిపేవాళ్లు నాకు ఫీజు కట్టరు కదా."

నేను నడిపినా అది మూలగదు. ఎత్తు ఎక్కుతూ మూడో గేరు వేసి, యాక్సిలరేటర్ తొక్కాలా వద్దా అని సందేహించే కాలికే మూలుగుతుంది. అలాంటి కాలు నాకు తెలిసి ఒక్కటే ఉంది. బ్రేకు మేడంకు కబురు పంపాను. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. పచ్చలైటు చూసినా అనుమానించి బ్రేకు వేస్తుంది. ఆవిడ స్టీరింగు దగ్గర, నా పెడళ్ల మీద నేను, వెనక అడ్వైజరు.

"బెల్టు పెట్టుకో బాబూ," అంది మేడం. "నేను బెల్టు పెట్టుకోమన్నవాళ్లంతా దిగాక థాంక్స్ చెబుతారు."

ఫ్లైఓవరు ఎక్కాం. సగం ఎత్తులో మూడో గేరు పడింది. పడుతూనే మూలుగు మొదలైంది, ఎవరో నడుం నొప్పితో మంచం దిగుతున్నట్టు.

"వినిపించిందా?" అన్నాను.

"మేడం, ముందు బస్సు."

"బస్సు నాకూ కనిపిస్తోంది బాబూ," అంది ఆవిడ. "గేరు నీకు వినిపించిందా లేదా, అది చెప్పు. చెబితే బ్రేకు వేస్తాను."

"వినిపించింది మేడం. గట్టిగా వినిపించింది."

మేడం వేసేలోపే నా బ్రేకు నేను తొక్కాను. ముప్పై ఏళ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన మనిషికి ఎదుటివాడితో నిజం ఎలా చెప్పించాలో ఒకరు నేర్పక్కర్లేదు.

'మూడో గేరులో శబ్దం నిర్ధారణ అయింది' అని జాబ్‌కార్డులో రాశాడు. కింద సంతకం కూడా పెట్టాడు. క్లెయిము మీ అంతస్తుకే బయల్దేరిందట. కారు ఇక్కడే ఉంచమన్నారు. నడిచి ఇంటికి పోతున్నాను.

నీ చెల్లెలు


స్కూలు గది, కారు లేని రెండో వారం

అన్నయ్యా,

జవాబు వచ్చింది. 'వాహనాన్ని దాని ఉద్దేశిత వినియోగానికి భిన్నంగా వాడినందున మీ క్లెయిమును అంగీకరించలేకపోతున్నందుకు చింతిస్తున్నాము.' కొత్తగా నేర్చుకునేవాళ్లు నడపడం దుర్వినియోగమట.

కింద సంతకం నీది కాదు. వాక్యం మాత్రం నీదే. నువ్వన్నట్టే చింత ఉంది, చాలా మర్యాదగా ఉంది. చదువుతుంటే ఎవరో తల నిమురుతూ చెప్పులు ఎత్తుకుపోయినట్టుంది.

ముగ్గురు రోడ్డు దాటారు. నిన్న ఎదురుగా కొత్త టోపీలతో కనిపించారు.

నీ చెల్లెలు


ఆఫీసు మెట్లు (క్యాంటీన్‌లో మనుషులున్నారు)

చెల్లీ,

నీ ఫైలు మొదట నా బల్ల మీదికే వచ్చింది. పేరు చూసి లేచి వెళ్లి, మా చెల్లెలని మేనేజరుకు చెప్పాను. రూలు అది. ఆయన మెచ్చుకుని, దాన్ని పక్క బల్లకు పంపాడు. అక్కడ కొత్తగా చేరిన అమ్మాయి ఉంది. చురుకైనది. ఏ ఫైలుకు ఏ వాక్యమో ఆ అమ్మాయికి నేనే నేర్పాను. ఒక్క అక్షరం పొల్లు పోనివ్వలేదు. తిట్టాలంటే నన్నే తిట్టు.

తిట్టడం అయ్యాక ఇది చదువు. ఆ వాక్యంలో కన్నం ఉంది. 'ఉద్దేశిత వినియోగం' అన్నాం కానీ, ఉద్దేశించింది ఎవరో చెప్పలేదు. నీ కారుకు అదనపు పెడళ్లు బిగించింది ఎవరు? షోరూం. కొన్న రోజే, వాళ్ల వర్క్‌షాపులోనే. బిల్లు మీద 'డ్రైవింగ్ స్కూల్ కిట్' అని ఉంటుంది. అంటే కొత్తవాళ్లు నేర్చుకోవడానికే ఆ కారు అమ్మారు. నేర్చుకునేవాళ్లు నడపకపోతేనే అది ఉద్దేశానికి భిన్నం.

ఇది నీ మాటల్లో రాయి. రెండు పేరాలు మించనివ్వకు. కోపం చూపించకు. మా వాళ్లు కోపాన్ని పక్కన పెట్టి, మిగిలింది ఏమీ లేదంటారు. బిల్లు నకలు జతచెయ్. అప్పీలు అని పైన రాయి. నేను ఏ ముసాయిదా పంపలేదు, నువ్వు నన్ను ఏమీ అడగలేదు.

అన్నయ్య


స్కూలు గది, సాయంత్రం

అన్నయ్యా,

గెలిచాం. కొత్త గేరుబాక్సు, ఖర్చంతా వాళ్లదే. ఈసారి వచ్చిన ఉత్తరంలో చింత ఎక్కడా లేదు. ఇచ్చేటప్పుడు చింతించరా మీ వాళ్లు?

కారు లేనన్ని రోజులూ ఈ గదిలోనే పాఠాలు చెప్పాను. నేల మీద మూడు అట్టముక్కలు అతికించి క్లచ్, బ్రేకు, యాక్సిలరేటర్ అన్నాను. కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి స్టీలు పళ్లెం ఇచ్చి తిప్పమన్నాను. నా దగ్గర నేర్చుకుంటున్న టైలర్ అమ్మాయి నవ్వాపుకోలేక రెండుసార్లు గోడను గుద్దింది. బ్రేకు మేడం తొక్కిన తొక్కుడుకు మధ్య అట్ట చిరిగింది. టోపీలవాళ్లలో ఇద్దరు తిరిగొచ్చారు. అక్కడ కారు చల్లగానే ఉందట, నేర్పేవాడే ఎప్పుడూ ఫోన్లో ఉంటాడట.

వారంటీ ఈ నెలాఖరుకు అయిపోతుంది. రివర్స్ మళ్లీ తిరుగుతున్నాడు. "కొత్త గేరుబాక్సుకు కొత్త ప్లాను అక్కా," అంటున్నాడు. వద్దనే కదా? ఒక ముక్క రాయి. వాడిని పంపించేస్తాను.

నీ చెల్లెలు


ఆఫీసు, కొత్త బల్ల

చెల్లీ,

కొను.

రెండుసార్లు చదవక్కర్లేదు, సరిగ్గానే చదివావు. ఎందుకో చెబుతాను. నీ అప్పీలు పై అంతస్తుదాకా పోయింది. 'వాక్యంలో కన్నం ఉంది, పూడ్చండి' అని అక్కణ్నుంచి కబురొచ్చింది. రాసినవాడే పూడ్చాలని మేనేజరు నాకే అప్పగించాడు. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి కొత్త నిబంధన. డ్రైవింగ్ స్కూలు కార్లకు ప్లాను వర్తించదు. ఈ లోపు అమ్మిన వాటికి మూడేళ్లూ పాత నిబంధనలే, కన్నంతో సహా. ఫారంలో స్కూలని పెద్ద అక్షరాలతో రాసి కొను. రేపు ఇంజనుకు ఏమైనా అయితే ఇదే అప్పీలు మళ్లీ పనికొస్తుంది. మొదటిసారిగా ఆ ప్లాను ఇచ్చిన డబ్బుకు తగినట్టుంది. సర్వీసు ప్లాను మాత్రం ఇప్పటికీ దండగే.

నా గురించి బెంగ లేదు. బల్ల మార్చారు, మేనేజరు గాజుగది పక్కకు. వెలుతురు బాగా వస్తోంది. మొన్న ఆయన టీ తాగుతూ, "మీ చెల్లెలు భలే తెలివైనదండీ," అన్నాడు. నిజమేనన్నాను.

ఆలస్యం చెయ్యకు.

అన్నయ్య


స్కూలు గది, నెలాఖరు

అన్నయ్యా,

రివర్స్ పొద్దున్నే వచ్చాడు. ఫారం పరిచి, పెన్ను మూత తీసి మరీ చేతికిచ్చాడు.

"ఇవాళే ఆఖరక్కా. స్కూలనే రాద్దాం. మీరు అడిగినవన్నీ కనుక్కొచ్చాను. కాగితం మీద కూడా ఇస్తాను."

"మంచి పని చేశావురా. అయినా వద్దు."

"కారణమేదో ఒకటి చెప్పండక్కా, ఇందులో రాయాలి."

"ఇంట్లో ఒప్పుకోలేదని రాయి."

"మీ ఇంట్లో మీరొక్కరే కదా."

"ఆ ఒక్కరే ఒప్పుకోలేదు."

రాసుకున్నాడు పాపం. పెన్ను మర్చిపోయి వెళ్లాడు.

మళ్లీ మళ్లీ లెక్క వేసుకునే వద్దన్నాను. నువ్వు చెప్పిందీ నిజమే, ఇవాళ కొంటే లాభమే. ఈ కారు ఇంజను పోతే నా స్కూలు నిలవదు. అది తెలిసే చెబుతున్నాను. కానీ నువ్వు బెంగ లేదని రాసిన పేరాను నేను అన్నిటికంటే ఎక్కువసార్లు చదివాను. గాజుగది పక్కన మనిషిని కూర్చోబెట్టేది వెలుతురు కోసం కాదు. మీ మేనేజరు ఊరికే టీ తాగుతూ నా తెలివిని మెచ్చుకోడు. కన్నం పూడ్చే ముందురోజు నీ చెల్లెలు అదే కన్నంలోంచి దూరి ప్లాను కొందనుకో. రేపు నా పేరుతో ఇంకో క్లెయిము మీ అంతస్తుకు వచ్చిందనుకో. అప్పుడు ఆయన నన్ను మెచ్చుకోడు, నిన్ను పిలుస్తాడు. ఇదంతా నీకు తెలుసు. తెలిసే కొనమన్నావు.

మూడేళ్లపాటు కారులో ఏ చిన్న చప్పుడైనా నాకు ఇంజను వినిపించదు, నీ కుర్చీ కిర్రుమనడం వినిపిస్తుంది. పక్కన కొత్తవాళ్లను పెట్టుకుని అది వింటూ కూర్చోలేను. వాళ్లను భయపడొద్దని చెప్పాల్సినదాన్ని నేనే కదా. ఇంజను పోయిన రోజు ఎదురు స్కూలుకు వెళ్లి ఉద్యోగం అడుగుతాను. వాడికి ఫోను లేకుండా నేర్పేవాళ్లు కావాలట.

నీకిచ్చిన పని మాత్రం శ్రద్ధగా చెయ్. గట్టిగా రాయి అన్నయ్యా, ఈసారి నాకు కూడా దొరకకుండా.

నీ చెల్లెలు